పాడి ఆవుల గిట్టల సంరక్షణ: కుంటక ముందే చేసుకోవాల్సిన పనులు, ఒకదాని తర్వాత ఒకటి

"ఆవు కుంటుతోంది, ఏ సూది వేయిస్తే తగ్గుతుంది?" వానకాలం మొదలైందంటే ఈ ప్రశ్న నన్ను అడగని వారం ఉండదు. నేను డాక్టర్‌ను కాదు. పరకాల దగ్గర తొమ్మిది సంకరజాతి ఆవులతో పాడి నడుపుతున్నాను. గిట్టలు కోయడం ఒక పశువైద్యుడి పక్కన నిలబడి నేర్చుకున్నాను. మిగతాది ఒక ఆవు కాలికి నెత్తురు తెప్పించి నేర్చుకున్నాను.

కాబట్టి సూదుల సంగతి డాక్టర్లకే వదిలేస్తున్నాను. ఇవాళ కుంటిన ఆవుకు దెబ్బ చాలాసార్లు రెండు నెలల కిందనే తగిలి ఉంటుంది, అదీ నేల వల్లనో మేత వల్లనో. అందుకే ఆ రెండింటితో మొదలుపెట్టి, కత్తి దగ్గరికి తర్వాత వస్తాను.

1. గిట్ట గురించి తెలిసి ఉండాల్సినంత

ఒక్కో కాలికి రెండు గిట్టలు: లోపలిది, బయటిది. వెనక కాళ్లలో బయటి గిట్ట మీద, ముందు కాళ్లలో లోపలి గిట్ట మీద బరువు ఎక్కువ పడుతుంది. ఎక్కువ కుంట్లు వెనక కాలి బయటి గిట్టలోనే పుడతాయి. ఏ ఆవు కుంటినా నేను ముందు అక్కడే చూస్తాను.

వెంట్రుకలు ఆగిపోయే గీత నుంచి గిట్ట నెలకు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. గిట్ట అడుగున, గోడ వచ్చి కలిసే చోట సన్నటి తెల్లగీత ఉంటుంది. గిట్టలో బలహీనమైన చోటు అదే. రాయి గుచ్చుకున్నా, చీము పట్టినా అక్కడి నుంచే మొదలవుతుంది.

లోపల ఎముక కింద కొవ్వు మెత్త ఉంటుంది. ఈనిన తర్వాత ఆవు బాగా చిక్కిపోతే ఆ మెత్త కూడా పలచబడుతుంది. బక్క ఆవులు ఎక్కువ కుంటడానికి అదొక కారణం.

2. మొదట సరిచేయాల్సింది కొట్టం నేల

మన దిక్కు చాలా కొట్టాల్లో షాబాద్ బండలు పరుస్తున్నారు. కడగడం తేలిక, చూడడానికి శుభ్రంగా ఉంటాయి. కానీ ఏడాది తిరిగేసరికి అద్దంలా నునుపు తేలతాయి. పెండ, మూత్రం పడ్డాక ఆవు అక్కడ కాలు జారకుండా నిలబడాలంటే గిట్టను నేలకు నొక్కి పట్టాలి. రోజంతా ఆ నొక్కుడే.

బండలు పీకేయాల్సిన పని లేదు. రాయి పనివాళ్లను పిలిచి, విసుర్రాయికి గాట్లు కొట్టించినట్టు వాటి మీదా కొట్టించండి. సిమెంటు నేలైతే మూడు నాలుగు అంగుళాలకు ఒక గాడి పెట్టించాలి. గాడి వెడల్పు అరంగుళం, లోతు అంతకంటే కొంచెం తక్కువ.

కొత్తగా పోసిన సిమెంటు దీనికి పూర్తిగా ఎదురు. గరుకుగా ఉండి గిట్టను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆవులను తోలే ముందు బరువైన రాయిని దాని మీద నాలుగు దిక్కులా ఈడ్పించి, రెండు మూడు సార్లు బాగా కడిగించండి.

నేల బాగుందో లేదో చూడడానికి నా పద్ధతి ఒకటుంది. ఆవు పడుకునే చోట మోకాళ్ల మీద పది సెకన్లు కూర్చుంటాను. లుంగీ తడిసినా, మోకాళ్లు నొచ్చినా ఆ చోటు ఆవుకూ పనికిరాదు. పాడి ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకోవాలి. పడుకోవడానికి చోటు బాగాలేకపోతే నిలబడే ఉంటుంది, ఆ గంటల బరువంతా గిట్టల మీదే.

నేల కోసం చూసుకోవాల్సినవి:

- వాలు: పది అడుగులకు రెండు మూడు అంగుళాలు. మూత్రం ఎక్కడా నిలవకూడదు.
- ఒక్కో ఆవుకు సుమారు ఐదున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు.
- పడుకునే చోట వరిగడ్డి గానీ, రైస్ మిల్లు ఊక గానీ, రబ్బరు మ్యాట్ గానీ. మ్యాట్ వేసినా పైన కొంత ఊక చల్లాలి, లేకపోతే తడి దాని మీదే నిలుస్తుంది.
- పెండ రోజుకు రెండు సార్లు, వానల్లో మూడు సార్లు తీయాలి.
- తొట్టి దగ్గర, గేటు దగ్గర బురద గుంట ఉంటే మొరం పోసి, పైన మెత్తటి మట్టి కప్పాలి. కంకర అలాగే వదిలేస్తే ఒక్కో రాయీ గిట్టకు ముల్లే.
- వేసవిలో నీడ, గాలి. ఎండ 43, 44 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆవు పడుకోకుండా నిలబడి రొప్పుతుంది. వానల్లో మనం చూసే కుంట్లలో కొన్ని మే నెలలో మొదలైనవే.

3. మేత దగ్గర జరిగే తప్పు

మూడేళ్ల కింద పక్కింట్లో పెళ్లయింది. మిగిలిన అన్నం పారేయడమెందుకని మా తమ్ముడు రెండు బకెట్లు తెచ్చి ఒక ఆవు ముందు పెట్టాడు. రెండు రోజులు అది మేత ముట్టలేదు, పెండ పలచగా పుల్లటి వాసనతో పడింది. మందు పోయించాం, తేరుకుంది, మేమూ మరిచిపోయాం. రెండు నెలలు గడిచాక వెనక కాళ్లతో కుంటడం మొదలుపెట్టింది. గిట్ట అడుగు గీకి చూస్తే పసుపు పచ్చటి గట్టి పొరలో ఎర్రటి నెత్తురు మరక, పావలా బిళ్లంత.

అన్నం, నూకలు, మక్క పిండి, వడ్లు ఎక్కువగా ఒకేసారి కడుపులో పడితే అక్కడ ఆమ్లం పెరుగుతుంది. దాంతో గిట్ట లోపలి సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ రోజుల్లో తయారైన గిట్ట నాసిగా ఉంటుంది, అది కింది దాకా దిగి నేలను తాకడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. వరి కోతలప్పుడు తాడు తెంపుకుని వడ్ల కుప్ప మీద పడిన ఆవు కథా ఇదే.

పాటించాల్సిన వరుస:

- ముందు గడ్డి, తర్వాత దాణా. పరగడుపున దాణా పెట్టొద్దు.
- ఒక్క పూటలో రెండు మూడు కిలోలకు మించి దాణా వద్దు. పాలు ఎక్కువిచ్చే ఆవుకు పూటలు పెంచండి.
- ఈనిన ఆవుకు దాణా రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. "పాలు దిగాలి" అని మూడో రోజే పూర్తి దాణా పోసేవాళ్లు ఆ పాల డబ్బు తర్వాత కుంటు వైద్యానికి ఖర్చుపెడతారు.
- ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 నుంచి 100 గ్రాములు. అందులో జింక్, రాగి ఉన్నాయో లేదో ప్యాకెట్ చూసి కొనండి.
- గిట్టలు పెళుసుగా ఉంటే బయోటిన్ (ఒక విటమిన్) రోజుకు 20 మి.గ్రా. ఇవ్వొచ్చు. ఫలితం కనిపించడానికి నాలుగైదు నెలలు పడుతుంది. నెలకే ఆపేసేవాళ్లు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఆవు అన్నమో వడ్లో విపరీతంగా తిన్నట్టు తెలిస్తే కుంటేదాకా ఎదురుచూడకండి, ఆ రోజే డాక్టర్‌ను పిలవండి.

4. వారానికోసారి నడక చూడండి

కుంటు బాగా కనిపించేసరికి సగం ఆలస్యమైనట్టే. అంతకంటే ముందు వీపు చెబుతుంది. పొద్దున పాలు తీశాక ఆవును చదునైన గట్టి దారిలో ఇరవై అడుగులు నడిపించి పక్క నుంచి చూడండి.

- నిలబడినా, నడిచినా వీపు తిన్నగా ఉంటే బాగున్నట్టు.
- నిలబడినప్పుడు తిన్నగా, నడిచేటప్పుడు వంగితే: గిట్టలు కడిగి చూడాలి.
- రెండప్పుడూ వంగితే: ఈ వారంలోనే కాలు ఎత్తి చూడాలి.
- ఒక కాలిని తప్పించి అడుగేస్తే: రేపటిదాకా ఆగొద్దు.
- కాలు కింద పెట్టకపోతే: వెంటనే డాక్టర్.

కొట్టంలో కట్టేసి ఉన్నప్పుడు కూడా కొన్ని తెలుస్తాయి. వెనక గిట్టల మడమలు కాలువ అంచు బయటికి వేలాడేసి నిలబడటం, బరువును ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఉండటం, ముందు కాళ్లు కత్తెరలా వేసుకోవడం, లేవడానికి ఆలోచించడం. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే పోయిన నెల నడకతో పోల్చుకోవచ్చు. నేను అలాగే చేస్తాను. కంటి జ్ఞాపకాన్ని నమ్మి మోసపోయాను.

5. వానకాలంలో రోజూ కడగడం

నల్లరేగడి నేలల్లో తిరిగే ఆవుకు గిట్టల మధ్య మట్టి ముద్ద పడుతుంది. రాత్రికి అది ఎండి రాయవుతుంది. దాని అంచు మెత్తటి చర్మాన్ని కోస్తే, పెండలో ఉండే సూక్ష్మజీవులకు దారి దొరికినట్టే. చెల్క భూముల్లో ముద్ద తక్కువ గానీ గులకరాళ్లు ఎక్కువ.

సాయంత్రం పాలు తీసే ముందు నాలుగు కాళ్లకూ నీళ్లు పోసి, గిట్టల సందులో వేలు పెట్టి తుడవండి. పుల్లతో, ఇనుప చువ్వతో గీకొద్దు. వేలు అయితేనే మూడు సంగతులు తెలుస్తాయి: వేడిగా ఉందా, వాపుందా, ముట్టుకోగానే ఆవు కాలు లాక్కుంటోందా. తర్వాత వేలు వాసన చూడండి. మొహమాటం అక్కర్లేదు. కుళ్లిన వాసన ఒకసారి తెలిస్తే మరిచిపోరు.

6. గిట్టలు కోయడం

ఏడాదికి రెండు సార్లు చాలు. ఆవు ఒట్టిపోయేటప్పుడు ఒకసారి, ఈనిన రెండు మూడు నెలలకు ఇంకోసారి. చూడి చివరి నెలన్నరలో ట్రెవిస్‌లోకి (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) ఎక్కించవద్దు. బయట బాగా తిరిగే ఆవు గిట్టలు వాటంతటవే అరుగుతాయి. పొడుగు కాకపోతే కోయకండి. అవసరం లేకుండా కోసిన గిట్ట కోయని దానికంటే చెడ్డది.

మొదటి రెండు మూడు సార్లు తెలిసినవాళ్లు పక్కన ఉండి తీరాలి. ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్లు ఆవును తాళ్లతో పడేసి కోస్తామంటారు. చూడి ఆవుకు, నిండు పొదుగున్న ఆవుకు అది ఒప్పుకోకండి.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి:

- ట్రెవిస్, పొట్ట కిందికి వెడల్పాటి పట్టీ, మెత్తటి తాడు
- గిట్ట కత్తి (పదును బాగా ఉండాలి, మొండి కత్తితోనే చెయ్యి జారుతుంది), గిట్ట కత్తెర, ఆకురాయి
- 7.5 సెం.మీ. పొడవుకు కోసిన వేపపుల్ల
- పోవిడోన్ అయోడిన్, దూది, శుభ్రమైన గుడ్డ
- వేసవిలో గిట్ట రాయిలా ఉంటుంది. గంట ముందు తడి గోనెసంచి మీద నిలబెడితే మెత్తబడుతుంది.

పని చల్లటి పూట చేయండి. కాలు ఎత్తి కట్టాక ఐదు పది నిమిషాలకు మించి ఉంచకండి, మధ్యలో దించి ఊపిరి పీల్చుకోనివ్వండి.

వెనక కాలికి వరుస ఇది:

మొదట కాలు కడిగి, రెండు గిట్టలనూ పోల్చి చూడండి. వెనక కాల్లో లోపలి గిట్టతో మొదలుపెట్టాలి, ఎందుకంటే సాధారణంగా దాని ఆకారమే చెడకుండా ఉంటుంది. ముందు కాల్లో దీనికి తిరగేసి: బయటి గిట్టతో.

తర్వాత కొలత. వెంట్రుకల గీత కింద గట్టి గిట్ట మొదలయ్యే చోట వేపపుల్ల ఒక కొస పెట్టి, ముందు గోడ వెంబడి కొన దాకా ఆనించండి. పుల్ల దాటి ఉన్నదే కత్తిరించాలి. పెద్ద హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు ఇంకో అర సెంటీమీటరు వదిలేయండి. పుల్ల కంటే పొట్టి చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇప్పుడు అడుగు పలచబరచడం. కొన దగ్గర మందం కనీసం 5 నుంచి 7 మి.మీ. మిగలాలి. ఒక్కో పొర తీసినప్పుడల్లా బొటనవేలితో గట్టిగా నొక్కండి. చెక్కను నొక్కినట్టు ఉంటే సరే. కొంచెం లోపలికి పోయినా, గులాబీ రంగు కనిపించినా అక్కడికక్కడ ఆపేయాలి. నేను నెత్తురు తెప్పించింది ఇక్కడే. "ఇంకొక్క పొర తీస్తే నున్నగా వస్తుంది" అనిపించింది, తీశాను. ఆ ఆవు పన్నెండు రోజులు కుంటింది. దాని ముందు నిలబడి దాణా పోసినప్పుడల్లా నాకే సిగ్గేసింది. లోపలి గిట్ట మడమను మాత్రం కత్తితో ముట్టుకోకండి.

బయటి గిట్టను ఇప్పుడు లోపలి దానికి సమానం చేయాలి. రెండింటి మీదా ఒక తిన్నటి చెక్కముక్క అడ్డంగా పెట్టి చూస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బయటి గిట్ట అప్పటికే పలచగా ఉంటే ఎత్తు కలవకపోయినా వదిలేయండి.

ఆ తర్వాత గిట్టల మధ్య వైపు, వెనక భాగంలో కొద్దిగా గుంట చేయాలి, దోసిలి పట్టినట్టు. పెండ, మట్టి అక్కడ ఇరుక్కోకుండా జారిపోతాయి. పుండు ఎక్కువగా లేచే చోటు మీద బరువూ తగ్గుతుంది. బయటి గోడను, తెల్లగీతను కోయొద్దు, ఆవు నిలబడేది గోడ మీదే.

చివరగా వదులుగా వేలాడే గిట్ట పొర, నల్లటి సందులు ఉంటే శుభ్రం చేయండి. నల్ల చుక్క ఒకటి కత్తి తగిలేకొద్దీ లోపలికే పోతుంటే అక్కడ చీము ఉండొచ్చు. అది మీరు తవ్వకండి.

నెత్తురు వస్తే కంగారు పడొద్దు. శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టి, అయోడిన్ పెట్టి, మూడు రోజులు పొడి నేల మీద ఉంచండి.

7. మైలుతుత్తం ఎంత, ఎలా

గిట్టల పుండ్లు, కుళ్లు రాకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లతో గిట్టలు తడపాలి. కొలత 5 శాతం. అంటే 10 లీటర్ల నీళ్లకు అర కిలో, 20 లీటర్లకు కిలో. గోరువెచ్చటి నీళ్లలో తొందరగా కరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుప బకెట్‌ను తినేస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి.

ఆవులు గిట్టలు ముంచుతూ నడిచిపోయే తొట్టి పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే, అందులో నాలుగంగుళాల ఎత్తు నింపాలంటే సుమారు 190 లీటర్లు, దగ్గర దగ్గర తొమ్మిదిన్నర కిలోల మైలుతుత్తం కావాలి. ముప్ఫై నలభై ఆవులున్నవాళ్లకు అది గిట్టుబాటు. ఐదారు ఆవులకు తొట్టి కట్టడం దండగని నా అభిప్రాయం. గిట్టలు కడిగి, నీళ్లు ఓడిపోయాక, చేతి స్ప్రేయర్‌తో గిట్టల సందులోనూ మడమ వెనకా తడిసేలా కొట్టండి. వానకాలంలో వారానికి రెండు మూడు రోజులు.

- పెండ అంటిన గిట్టల మీద మందు పనిచేయదు. ముందు కడగాలి.
- తొట్టి వాడితే, 150 నుంచి 200 ఆవులు దాటాక ఆ నీళ్లు మార్చాలి. పెండతో చిక్కబడితే అంతకంటే ముందే.
- ఫార్మాలిన్ వాడతామంటే 3 నుంచి 5 శాతం మించొద్దు. పచ్చి పుండు మీద వద్దు. దాని ఆవిరి కళ్లకు, ఊపిరికి చెడు. మూసిన కొట్టంలో అసలే వద్దు.
- వాడిన మైలుతుత్తం నీళ్లు చెరువు కాలువలోకి, గొర్రెలు తాగే గుంటలోకి పోయొద్దు. రాగి గొర్రెలకు విషం. మన ఊళ్లలో ఆవుల కొట్టం పక్కనే గొర్ల దొడ్డి ఉంటుంది, జాగ్రత్త.

8. కుంటు వచ్చేసింది. అది ఏమిటి?

వానకాలంలో కుంటిన ప్రతి ఆవునూ "గాలికుంటు" అంటారు. అన్నీ అది కాదు. గాలికుంటులో జ్వరం, నోట్లో పొక్కులు, చొంగ ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో పక్క ఆవులకూ అంటుకుంటుంది. అలా కనిపిస్తే ఆ ఆవును వేరు చేసి, ఊరి ట్రెవిస్‌కు తోలకుండా, డాక్టర్‌కు కబురు చేయండి. టీకా ఆరు నెలలకోసారి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. "పాలు తగ్గుతాయి" అని తప్పించుకోవద్దు.

ఒక్క కాలే, గిట్టల పైన రెండు పక్కలా సమానంగా వాపు, సందులో కుళ్లు వాసన, జ్వరం ఉంటే గిట్టల మధ్య కుళ్లు. ఇది ఒక్క రోజులో ముదురుతుంది, తొందరగా యాంటీబయాటిక్ పడితే తొందరగానే తగ్గుతుంది. డాక్టర్‌ను పాలు ఎన్ని రోజులు పోయకూడదో అడిగి, ఆ పాలు కేంద్రానికి పంపకండి.

మడమ వెనక ఎర్రగా, ముట్టుకుంటే ఎగిరిపడేంత నొప్పితో గుండ్రటి పుండు ఉంటే అది అంటుకునే రకం. కడిగి ఆరబెట్టి, డాక్టర్ చెప్పిన మందు పుండు మీదే పెట్టాలి. మిగతా ఆవులకు మైలుతుత్తం ఆ రోజు నుంచే మొదలు.

వాపు లేదు, వాసన లేదు, కానీ కాలు మోపడం లేదు. అప్పుడు గిట్ట అడుగున వెతకాలి. మేకు, తుమ్మ ముల్లు, తెల్లగీత దగ్గర చీము, లేదా అడుగు మధ్యలో పుండు. మేకు కనిపిస్తే పీకే ముందు ఎక్కడ, ఎంత లోతు దిగిందో గుర్తుపెట్టుకోండి లేదా ఫోటో తీయండి. అడుగున పుండైతే బాగున్న పక్క గిట్ట కింద చెక్క దిమ్మె అంటిస్తారు. పుండు నేలకు తగలకుండా గాలిలో ఉంటుంది. ఏ సూది కన్నా ఆ దిమ్మె ఎక్కువ పని చేయడం నేను చూశాను.

9. మా దిక్కు తరచూ చూసే తప్పులు

- పుండు మీద పాత ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ పోయడం, వాత పెట్టడం. పైన మాడిపోతుంది, లోపల చీము అలాగే ఉంటుంది. బదులు: సబ్బు నీళ్లు, అయోడిన్, పొడి నేల.
- కాలు ఎత్తి చూడకుండా మూడు రోజులు సూదులు వేయించడం. బదులు: ముందు కాలు ఎత్తమని అడగండి.
- కట్టు కట్టి మరిచిపోవడం. తడిసిన కట్టు కింద పురుగులు పడతాయి. రెండు మూడు రోజులకు విప్పి చూడాలి.
- మందుల షాపులో మిగిలిన డైక్లోఫెనాక్ సూది వేయడం. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. చచ్చిన పశువును తిన్న రాబందులు దానివల్లే చచ్చిపోయాయి. బెజ్జూరు అడవి దిక్కు పాలరాపు గుట్ట మీద వాటి గూళ్లు ఉండేవని తెలిసినవాళ్లకైనా ఇది గుర్తుండాలి. నొప్పికి మెలాక్సికామ్ ఉంది, డాక్టర్ రాస్తారు.
- కుంటే ఆవును మందతో పాటే మైళ్లు తోలడం. బదులు: మెత్తటి నేల మీద విడిగా కట్టి, మేత, నీళ్లు ముందుకే తేవాలి.

10. ఏడాది లెక్క

- మే చివర, మృగశిర కార్తె లోపు: నేల గాట్లు, బురద గుంటలు, మొరం పని. పొడుగు గిట్టలు కోయడం.
- జూన్ నుంచి సెప్టెంబర్: రోజూ కడగడం, వారానికి రెండు మూడు రోజులు మైలుతుత్తం, వారానికోసారి నడక చూడటం.
- బతుకమ్మ, దసరా దాటాక: అన్ని ఆవుల కాళ్లూ ఎత్తి ఒకసారి చూడాలి. వరి కోతలు మొదలైతే తాళ్లు, గేట్లు గట్టివేనా చూసుకోండి.
- పెళ్లిళ్ల నెలల్లో: మిగిలిన అన్నం బకెట్లతో ఎవరు వచ్చినా కొట్టం గేటు దగ్గరే ఆపండి.
- యాసంగి కోతలు, ఎండలు: మళ్లీ వడ్ల కాపలా, నీడ, రోజంతా నీళ్లు.

డాక్టర్ దూరమైతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం మీ ఊరికే వస్తుంది. ఫోన్‌లో "ఆవు కుంటుతోంది" అని ఊరుకోకుండా ఏ కాలు, ఏ గిట్ట, ఎన్నాళ్ల నుంచి, జ్వరం ఉందా, వాసన ఉందా, ఈని ఎన్ని రోజులైంది, ఈ రెండు మూడు నెలల్లో మేత ఏమైనా మార్చారా చెప్పండి. వాళ్లు వచ్చేలోపు కాళ్లు కడిగి, ఆవును పొడి నేల మీద కట్టి ఉంచండి.